తెలుగు అక్షరాలకు యానిమేషన్: స్క్రీన్‌పై ‘గాండ్లపెంట’ ఎందుకు విరుగుతోంది? ఎలా సరిచేయాలి?

వెబ్‌సైట్ ఓపెన్ చేయగానే హెడ్‌లైన్ ఒక్కో అక్షరంగా టైప్ అవుతూ రావడం, పైనుంచి జారడం, మెరవడం, పక్కకు పరుగెత్తడం.. ఇవన్నీ ఇప్పుడు చిన్న షాపుల పేజీల్లోనూ కనిపిస్తున్నాయి. నెట్‌లో దొరికే రెడీమేడ్ కోడ్‌ను కాపీ చేసి పెడితే చాలు, ఇంగ్లిష్‌లో చక్కగా ఆడుతుంది. అదే కోడ్‌లో ఒక తెలుగు పేరు పెడితే అసలు సమస్య బయటపడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా కదిరి డివిజన్‌లోని గాండ్లపెంట మండలం పేరుతోనే చూద్దాం.

నాలుగు అక్షరాలు.. పది కోడ్‌లు

గాం, డ్ల, పెం, ట. చదివేవారికి ఇవి నాలుగే అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం పది. గ, దీర్ఘం, సున్న, డ, పొల్లు, ల, ప, ఎత్వం, సున్న, ట అని యూనికోడ్‌లో విడివిడిగా సేవ్ అవుతాయి. వీటిని కలిపి, వత్తును కింద పెట్టి, గుణింతాన్ని తలపై కూర్చోబెట్టే పని ఫాంట్‌ది, బ్రౌజర్‌ది. మొత్తం మాట ఒకేచోట ఉంటేనే అవి ఆ పని చేయగలవు.

యానిమేషన్ కోడ్‌లు చాలావరకు మొదట చేసేది జావాస్క్రిప్ట్‌లోని ‘స్ప్లిట్’తో మాటను ముక్కలు చేయడమే. ఒక్కో ముక్కను ఒక్కో ‘స్పాన్’ ట్యాగ్‌లో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కదిలిస్తాయి. ఇంగ్లిష్‌లో ఒక ముక్క అంటే ఒక అక్షరం. తెలుగులో దీర్ఘం ఒక ముక్క, పొల్లు ఇంకో ముక్క అవుతాయి. అలా ఒంటరిగా మిగిలిన గుణింతం గుర్తు పక్కన బ్రౌజర్ చుక్కల సున్నా ఒకటి చూపిస్తుంది. ‘డ్ల’ విడిపోయి డకారం, పొల్లు, లకారం వేర్వేరుగా ఎగురుతాయి. ఊరి పేరు ఊరివాళ్లే గుర్తుపట్టలేని స్థితి.

టైప్‌రైటర్ ఎఫెక్ట్‌లో దెబ్బ వేరేలా ఉంటుంది. ముందు ‘గాండ’ వస్తుంది, తర్వాత ‘గాండ్’ అవుతుంది, ఆ తర్వాతే ‘గాండ్ల’. ఒక్క అక్షరం మూడుసార్లు రూపం మార్చుకుంటుంది. పక్క అక్షరాలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ‘స్త్రీ’ లాంటి మాటైతే మరీ ఘోరం. కనిపించేది ఒకే అక్షరం, వెనక కోడ్‌లు ఆరు.

పరిష్కారం ఉంది

బ్రౌజర్‌లోనే ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే సదుపాయం ఉంది. భాష తెలుగు అని చెప్పి, ‘గ్రాఫీమ్’ పద్ధతిలో విడగొట్టమంటే మాటను చదివే అక్షరాలుగా ఇస్తుంది. క్రోమ్‌లో ఇది 2020 నుంచే ఉంది. సఫారీలో 2021లో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2024 ఏప్రిల్‌లో చేర్చింది. అయితే ఇక్కడో మెలిక ఉంది. వత్తక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ వంటి లిపులకు యూనికోడ్ 15.1తో, అంటే 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. అందుకే కొత్త బ్రౌజర్‌లో గాండ్లపెంట నాలుగు ముక్కలైతే, పాతదాంట్లో ‘డ్’, ‘ల’ విడిపోయి ఐదవుతాయి. పాత ఫోన్లు వాడేవారు తక్కువేమీ కాదు.

కాబట్టి తెలుగులో అక్షరం అక్షరానికీ కాకుండా మాట మాటకూ యానిమేషన్ పెట్టడమే మేలు. స్పేస్ దగ్గర విడగొడితే ఏ బ్రౌజర్‌లోనూ వత్తు విరగదు. చూడ్డానికీ హుందాగా ఉంటుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అని ఒక్కో పేరూ మెల్లగా తేలి వస్తే చాలు, అక్షరాలు గంతులు వేయాల్సిన అవసరం లేదు.

జావాస్క్రిప్ట్ లేకుండా సీఎస్ఎస్‌తోనే చేసే టైప్‌రైటర్ ట్రిక్ ఒకటుంది. బాక్స్ వెడల్పును ‘సీహెచ్’ కొలతలో అంచెలంచెలుగా పెంచుతారు. ఆ కొలత అంటే ఫాంట్‌లో ‘0’ అంకె వెడల్పు. అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుండే ఇంగ్లిష్ ఫాంట్‌కు అది సరిపోతుంది. మన ‘ర’కూ ‘ఘ’కూ వెడల్పులో పోలికే లేదు కదా! అక్షరం సగంలో కోతపడుతుంది. ఇంకో చిక్కు ఎత్తుతో. ఈ ఎఫెక్ట్‌లలో బాక్స్ బయటి భాగాన్ని దాచేస్తారు. లైన్ ఎత్తు 1 అని పెడితే కింద వత్తులు, పైన గుడులు తెగిపోతాయి. 1.6 దగ్గర మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి పెంచుకోవాలి.

స్క్రోలింగ్‌లో మీ మండలం పేరు దాటిపోతే?

పరుగెత్తే అక్షరాలు వెబ్‌కు కొత్త కాదు. 1990ల్లో నెట్‌స్కేప్ ‘బ్లింక్’ ట్యాగ్ తెస్తే, మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘మార్క్వీ’ పెట్టింది. బ్లింక్‌ను ఫైర్‌ఫాక్స్ 2013లో తీసేసింది. మార్క్వీని వాడొద్దని హెచ్‌టీఎంఎల్ ప్రమాణాలే చెబుతున్నాయి. అయినా తెలుగు సైట్లలో స్క్రోలింగ్ మాత్రం వదలడం లేదు. టీవీ నుంచి వచ్చిన అలవాటది. టీవీలో స్థలం లేదు, వెనక్కి తిప్పే వీల్లేదు, అందుకే కింద స్క్రోల్. వెబ్ పేజీకి ఆ ఇబ్బంది ఎక్కడిది?

దీని అసలు నష్టం హెచ్చరికల దగ్గర తెలుస్తుంది. ఎండ తీవ్రత, పిడుగుల ముప్పు ఉన్నప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా అలర్ట్‌లు ఇస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలో 32 మండలాలున్నాయి. అన్ని పేర్లూ స్క్రోల్‌లో వెళ్తూ, ఒక్కో పేరుకు ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. గాండ్లపెంట దాటిపోయాక పేజీ తెరిచిన రైతు మళ్లీ ఆ పేరు కోసం దాదాపు 48 సెకన్లు ఆగాలి. తన మండలం జాబితాలో లేకపోతే, లేదని తేలడానికీ అంతే సమయం. అదే మామూలు జాబితాగా పెడితే కంటితో ఒకసారి చూస్తే సరిపోతుంది. సినిమా అప్‌డేట్ పరుగెత్తినా పోయేదేం లేదు. పిడుగుల హెచ్చరిక మాత్రం కదలకుండా ఉండాలి.

అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కూడా దీనిపై స్పష్టంగా ఉన్నాయి. దానంతటదే మొదలై, పేజీలో మిగతా సమాచారంతో పాటు ఐదు సెకన్లకు మించి కదిలే దేన్నైనా ఆపే బటన్ ఉండాలి. సెకనులో మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం.

కదలిక చూస్తే తల తిరిగేవారూ ఉంటారు. అలాంటివారి కోసం ఐఫోన్‌లో ‘రెడ్యూస్ మోషన్’, ఆండ్రాయిడ్‌లో ‘రిమూవ్ యానిమేషన్స్’ సెట్టింగ్‌లున్నాయి. సైట్ వాటిని గౌరవించాలంటే సీఎస్ఎస్‌లో ‘ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్’ అనే షరతు రాసి, అందులో యానిమేషన్ ఆపేయాలి. నాలుగైదు లైన్ల పని. చాలామంది ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ సంగతి వేరు. ముక్కలైన మాటను అది ముక్కలుగానే చదవొచ్చు. కదిలే ముక్కలన్నిటికీ ‘ఏరియా హిడెన్’ పెట్టి, పూర్తి హెడ్‌లైన్‌ను కంటికి కనబడని మామూలు టెక్స్ట్‌గా పక్కన ఉంచితే మాట మాటలాగే వినిపిస్తుంది.

ఫోన్ నత్తనడక నడుస్తోందా?

అక్షరాలను ‘లెఫ్ట్’, ‘టాప్’, వెడల్పు మార్చి కదిలిస్తే ప్రతి ఫ్రేమ్‌కూ బ్రౌజర్ పేజీ లెక్కలు మళ్లీ వేసుకుంటుంది. ‘ట్రాన్స్‌ఫామ్’, ‘ఒపాసిటీ’ వాడితే ఆ భారం తప్పుతుంది. తక్కువ ధర ఫోన్‌లో తేడా వెంటనే తెలుస్తుంది.

తెలుగు అక్షరాలను చూపించడం పెద్ద కంపెనీలకూ అంత తేలిక కాదని 2018 ఫిబ్రవరిలో తేలింది. ‘జ్ఞా’ను పోలిన ఒక కోడ్‌ల వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు ఆ వరుస మధ్యలో ఉంది. ఆపిల్ అదే నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

అందుకే ఎఫెక్ట్‌ను లైవ్ చేసే ముందు ‘నమస్కారం’ ఒక్కటే పెట్టి చూస్తే సరిపోదు. శ్రీ, స్త్రీ, జ్ఞానం, నల్లచెరువు, గాండ్లపెంట.. ఈ ఐదు మాటలూ పెట్టి, ఒక కొత్త ఫోన్‌లో, ఒక పాత ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో ఆడించి చూడాలి. చుక్కల సున్నా ఎక్కడ కనిపించినా, వత్తు ఎక్కడ తెగినా ఆ ఎఫెక్ట్‌ను మాట స్థాయికి మార్చేయాలి.