క్షయ గడ్డలో ప్రాణవాయువు ఎంత?

క్షయ రోగికి మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. అయినా డాక్టరు ఆరు నెలలు మానకుండా మందులు మింగమంటాడు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. అంటే ఊపిరితిత్తిలో ఎక్కడో కొన్ని క్రిములు మందుకు లొంగకుండా మిగిలి ఉన్నాయన్నమాట. అవి ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు ఒక చిన్న కొలతలో ఉంది. ఆ కొలత తీసుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1882లో రాబర్ట్ కోచ్ కనుగొన్న క్షయ క్రిమి గాలి లేనిదే పెరగదు. 1942లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆర్నాల్డ్ రిచ్, ఫాలిస్ అనే శాస్త్రజ్ఞులు క్షయ సోకించిన గినీ పందులను ప్రాణవాయువు తక్కువగా ఉన్న గాలిలో ఉంచి చూశారు. వాటిలో జబ్బు అంతగా ముదరలేదు. గాలి తగ్గితే క్రిమి నెమ్మదిస్తుందని తేలింది. కానీ నెమ్మదించడం వేరు, చావడం వేరు.

ఈ తేడాను లారెన్స్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఎంతో ఓపికగా పరిశోధించాడు. మూత బిగించిన గాజు నాళికల్లో క్రిములను మెల్లగా కదుపుతూ పెంచాడు. లోపలి ప్రాణవాయువును అవి తామే వాడుకుని అయిపోగొట్టేవి. అది అయిపోయిందనడానికి గుర్తుగా మిథిలీన్ బ్లూ రంగు వెలిసిపోయేది. అప్పుడు క్రిములు పెరగడం మానేసేవి గాని చచ్చిపోయేవి కావు. మళ్లీ గాలి తగలగానే పెరుగుదల మొదలయ్యేది. 1996లో ఆయన, హేస్ కలిసి దీన్ని వివరంగా ప్రకటించారు. ఈ నిద్రకు కారణమైన జన్యువుల మీటను గుర్తించడంలో ఢిల్లీలోని ఎయిమ్స్ శాస్త్రజ్ఞుల పాత్ర కూడా ఉంది.

అయితే గాజు నాళిక ఊపిరితిత్తి కాదు కదా! నిజమైన గడ్డ లోపల ప్రాణవాయువు ఎంత ఉంటుంది? గడ్డ నువ్వుగింజంత కూడా ఉండవచ్చు, చుట్టూ ఊపిరితిత్తి శ్వాసతో కదులుతూ ఉంటుంది. అక్కడికి కొలత సాధనాన్ని చేర్చడం తేలిక కాదు. ఇంకో మార్గం పిమోనిడజోల్ అనే రసాయనం. ప్రాణవాయువు పీడనం సుమారు 10 మి.మీ. పాదరసం కంటే తగ్గిన కణాల్లోనే అది అంటుకుని నిలుస్తుంది. తరువాత కణజాలానికి రంగు వేసి చూస్తే ఆ చోటు బయటపడుతుంది.

ముందుగా చిట్టెలుకల్లో చూశారు. చౌక, పెంచడం సులువు, ప్రయోగశాలలన్నిటికీ అలవాటైన జంతువు. 2006లో వెలువడిన అధ్యయనాల్లో వాటి గడ్డల్లో తీవ్రమైన ప్రాణవాయు లోపం కనబడలేదు. వేన్ ఊహ తప్పేమో అనిపించే ఫలితం అది.

2008లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, వారి సహచరులు గినీ పందులు, కుందేళ్లు, కోతుల్లో పరీక్షించారు. మూడింటిలోనూ గడ్డల లోపల రసాయనం అంటుకుంది. కుందేళ్లలో సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగతో నేరుగా కొలిస్తే 1.6 మి.మీ. తేలింది! మనం పీల్చే గాలిలో అది దాదాపు 160, ఊపిరితిత్తుల గాలితిత్తుల్లో సుమారు 100 ఉంటుంది.

ఈ తేడా ఎందుకు? మామూలు చిట్టెలుక గడ్డ వదులుగా చేరిన కణాల గుంపు. కుందేలు గడ్డ నడుమ కణాలు చచ్చి జున్నులా గట్టిపడతాయి, అక్కడికి రక్తనాళాలు చేరవు. మనిషి గడ్డ ఈ రెండో రకానికే దగ్గర. అలవాటైన జంతువును నమ్ముకోవడం వల్ల ఎంత దారి తప్పవచ్చో ఇక్కడ తెలుస్తుంది.

జిగట విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మీరు వినే ఉంటారు. ప్రాణవాయువు లేని చోటే అది పనిచేస్తుంది. చిట్టెలుకల క్షయలో దానివల్ల ఫలితం కనబడలేదు. కోతుల్లో మాత్రం నిద్రాణమైన క్షయ తిరగబెట్టకుండా ఆపిందని 2012లో తేలింది. కొరియాలో రోగులకు ఇచ్చి చూసిన ప్రయోగాన్ని నరాలు దెబ్బతింటున్నందున ముందే ఆపేశారు. దాని దూరపు బంధువైన ప్రిటోమానిడ్ మాత్రం గాలి ఉన్నా, లేకున్నా క్రిమిని చంపగలదు. 2019లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. 2024లో మందులకు లొంగని క్షయ కోసం మన దేశం ఆమోదించిన నాలుగు మందుల చికిత్సలో అదీ ఒకటి.