కెనెత్ కీటింగ్: సొంత సర్కారుకు మింగుడుపడని రాయబారి

1947 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభలో తొలిసారి అడుగుపెట్టిన వాళ్లలో ముగ్గురి పేర్లు గుర్తుంచుకోదగ్గవి. మసాచుసెట్స్ నుంచి జాన్ కెన్నెడీ, కాలిఫోర్నియా నుంచి రిచర్డ్ నిక్సన్, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి కెనెత్ కీటింగ్. మొదటి ఇద్దరూ అధ్యక్షులయ్యారు. మూడో మనిషి వాళ్లిద్దరికీ, వేరువేరు కాలాల్లో, వినడానికి ఇష్టంలేని నిజం చెప్పారు. అందులో రెండోది మన ఉపఖండానికి సంబంధించినది. ఆ ఒక్క కారణం చాలు, కీటింగ్ పేరు మనవాళ్లకు ఇప్పటికన్నా బాగా తెలిసి ఉండాల్సింది.

1900లో రోచెస్టర్ దగ్గరి లీమా అనే చిన్న ఊళ్లో పుట్టారు. కొన్నాళ్లు బడిలో లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పి, తర్వాత హార్వర్డ్‌లో లా చదివి రోచెస్టర్‌లో వకీలుగా స్థిరపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆయన్ని ఢిల్లీకి పంపింది. అంటే రాయబారిగా రావడానికి పాతికేళ్ల ముందే ఈ నేల ఆయనకు పరిచయం. యుద్ధం ముగిశాక 1946లో రిపబ్లికన్‌గా గెలిచి వరసగా ఆరు దఫాలు ప్రతినిధుల సభలో కూర్చున్నారు. 1958లో సెనేట్‌కు ఎన్నికయ్యారు.

న్యూయార్క్ నగరానికి దూరంగా ఉండే పల్లెలు, చిన్న పట్టణాల రిపబ్లికన్ సంప్రదాయవాదం ఆయనది. కమ్యూనిజం అంటే బద్ధవ్యతిరేకత. కానీ పౌర హక్కుల దగ్గర మాత్రం వెనకడుగు వేయలేదు. 1957 నాటి పౌర హక్కుల బిల్లుకు ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల వైపు నుంచి ముందు నిలబడ్డారు. 1964 చట్టాన్నీ సమర్థించారు. రాజధాని వాషింగ్టన్ వాసులకు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు ఇచ్చిన 23వ రాజ్యాంగ సవరణ వెనక కూడా ఆయన కృషి ఉంది. సంప్రదాయవాదం అంటే ఉన్న అన్యాయాన్ని కాపాడటం అని ఆయన ఏనాడూ అనుకోలేదు.

1962 ఆగస్టు 31న సెనేట్‌లో లేచి, క్యూబాలో రష్యన్ల సైనిక సన్నాహాలు సాగుతున్నాయని హెచ్చరించారు. అవన్నీ ఆత్మరక్షణ ఆయుధాలేనని కెన్నెడీ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. కీటింగ్ ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ లేచారు. అక్టోబరు 10న మధ్యశ్రేణి క్షిపణుల స్థావరాలు కడుతున్నారని తేల్చి చెప్పారు. నాలుగు రోజులకు, అక్టోబరు 14న, యూ-2 విమానం తీసిన ఫొటోలు ఆ మాటే నిజమని చూపించాయి. ఆ సమాచారం ఎవరిచ్చారో ఆయన చనిపోయేదాకా బయటపెట్టలేదు.

రెండేళ్లకు ఆ కెన్నెడీ తమ్ముడే ఆయన సీటు లాక్కున్నాడు. 1964లో సొంత పార్టీ అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌ను బలపరచడానికి కీటింగ్ ఒప్పుకోలేదు. అటు పార్టీలోని గట్టి మితవాదులకు కోపం, ఇటు రాబర్ట్ కెన్నెడీ జనాకర్షణ. న్యూయార్క్‌లో డెమోక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి జాన్సన్ 26 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిస్తే, రాబర్ట్ కెన్నెడీ ఆధిక్యం 7 లక్షల పైచిలుకే. అంటే జాన్సన్‌కు ఓటు వేసిన చేతులు లక్షల్లో సెనేట్ దగ్గరికొచ్చేసరికి కీటింగ్ వైపు తిరిగాయి. ఓడినా పరువు దక్కిన ఓటమి అది. ఆ తర్వాత రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌లో న్యాయమూర్తిగా చేశారు. 1969లో పాత సహచరుడు నిక్సన్ ఆయన్ని భారతదేశానికి రాయబారిగా పంపారు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా మీద విరుచుకుపడింది. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల్ని, అధ్యాపకుల్ని కాల్చి చంపింది. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ 28న వాషింగ్టన్‌కు టెలిగ్రాం కొట్టారు. జరుగుతున్నది ఎంచి ఎంచి చేస్తున్న నరమేధమని దాని శీర్షికలోనే రాశారు. మర్నాడే ఢిల్లీ నుంచి కీటింగ్ అదే శీర్షికతో మరో టెలిగ్రాం పంపారు. అమెరికా ఆయుధాలతోనే జరుగుతుండవచ్చన్న ఈ దారుణాన్ని వెంటనే, బాహాటంగా ఖండించాలన్నారు. విలువలకు కట్టుబడటమే మంచి రాజకీయం అయ్యే సమయమిదని రాశారు.

ఆ వాక్యం రాసింది ఆదర్శాలతో ఊగిపోయే కుర్రవాడు కాదు. డెబ్బై ఏళ్లు నిండిన రిపబ్లికన్ నాయకుడు, మాజీ సైనికాధికారి, మాజీ న్యాయమూర్తి. అందుకే దానికంత బరువు.

శ్వేతసౌధానికి మాత్రం అది చేదుమాత్ర. చైనాతో రహస్య మంతనాలు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ద్వారానే సాగుతున్నాయి. ఆ సంగతి ఢిల్లీలోని తమ రాయబారికి కూడా చెప్పలేదు. ఇది పాకిస్తాన్ ఆంతరంగిక వ్యవహారమన్న మాట అతిగా వాడొద్దని ఏప్రిల్‌లో కీటింగ్ బొంబాయిలో పత్రికల ముందే అన్నారు. జూన్ 15న శ్వేతసౌధంలో నిక్సన్, ఆయన జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్‌ల ఎదుట కూర్చుని భారత్‌లోకి వస్తున్న శరణార్థుల వరద గురించి చెప్పారు. హిందువుల్ని వెతికి చంపుతున్నారని కూడా చెప్పారు. భారతదేశం వెళ్లే రాయబారులంతా అక్కడివాళ్ల మాయలో పడిపోతారని నిక్సన్ విసుక్కున్నారు. ఈ విషయంలో కీటింగ్‌ది దాదాపు ఉన్మాదమేనని కిసింజర్ అన్నారు. శ్వేతసౌధంలో నిక్సన్ పెట్టించిన రికార్డింగు యంత్రాలు ఇలాంటి మాటలన్నిటినీ భద్రంగా దాచిపెట్టాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉద్యోగ దౌత్యవేత్త అయిన బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. ఆయన ఎదుగుదల అంతటితో దెబ్బతింది. కీటింగ్‌ను కదిలించలేకపోయారు. పద్దెనిమిదేళ్లు కాంగ్రెస్‌లో ఉన్న మనిషిని తీసేస్తే వాషింగ్టన్‌లో గొడవ అవుతుంది. రాజకీయ నాయకుల్ని రాయబారులుగా పంపడాన్ని దౌత్య నిపుణులు సాధారణంగా చిన్నచూపు చూస్తారు. ఆ చూపుకు కారణాలున్నాయి కూడా. కానీ 1971లో ఉద్యోగం మీద బెంగలేని ఆ రాజకీయ నాయకుడే బ్లడ్ మాటకు తోడు నిలబడగలిగాడు.

అమెరికా విధానం మారలేదు. కోటి మంది దాకా శరణార్థులు సరిహద్దు దాటారు. డిసెంబరు 3న భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. ఆ రాత్రే విశాఖపట్నం రేవు ముందు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అది నిజానికి అమెరికా నౌకాదళం కట్టించుకున్న డయాబ్లో. అరవయ్యో దశకంలో పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. టెలిగ్రాంలో కీటింగ్ ఎత్తి చూపిన అమెరికా ఆయుధాలు తెలుగు తీరం దాకా వచ్చాయన్నమాట. కొన్నాళ్లకే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను నిక్సన్ బంగాళాఖాతానికి పంపారు.

డిసెంబరు 7న కిసింజర్ విలేకరులను పిలిచి తమ ప్రభుత్వ వైఖరిని వివరించారు. అది చదివిన కీటింగ్ మరుసటి రోజే ఢిల్లీ నుంచి అభ్యంతరం పంపారు. తనకు తెలిసిన నిజాలకూ అందులోని చాలా సంగతులకూ పొంతన లేదనీ, అమెరికా మాటకున్న విలువ దీనివల్ల పెరగదనీ రాశారు. ఆ రహస్య టెలిగ్రాం పత్రికా రచయిత జాక్ ఆండర్సన్ చేతికి చిక్కి 1972 జనవరిలో లోకానికి తెలిసింది. ఈ బట్టబయలుకు ఆండర్సన్‌కు పులిట్జర్ దక్కింది. కీటింగ్ ఆ ఏడాది జులైలో ఢిల్లీ వదిలారు.

ఆయన్ని విప్లవకారుడిగా చూపించడం తప్పు. పదవి విసిరికొట్టలేదు, పార్టీ మారలేదు. నిక్సనే 1973లో ఇజ్రాయెల్‌కు పంపితే వెళ్లారు. ఆగస్టులో బాధ్యతలు తీసుకున్నారు. అక్టోబరు 6 పొద్దున ప్రధాని గోల్డా మేయిర్ పిలిపించి, ఆ రోజే ఈజిప్టు, సిరియా దాడి చేస్తాయని చెప్పారు. ఇజ్రాయెల్ ముందుగా దెబ్బ కొట్టకూడదన్నది అమెరికా కోరిక. కొట్టబోమని ఆమె ఇచ్చిన మాటను కీటింగ్ వాషింగ్టన్‌కు చేరవేశారు. న్యూయార్క్‌లో నిద్రపోతున్న కిసింజర్‌ను లేపి ఆ కబురు అందించారు. మధ్యాహ్నానికి యుద్ధం మొదలైంది. తర్వాతి ఏడాది కిసింజర్ జెరూసలేం, కైరో, డమాస్కస్‌ల మధ్య తిరుగుతూ నడిపిన రాయబారాల్లో ఇజ్రాయెల్ వైపు దౌత్య కార్యాలయాన్ని నడిపింది, ఒకప్పుడు ఆయన ఉన్మాది అన్న ఈ పెద్దమనిషే.

1975 మే 5న, ఇంకా రాయబారి పదవిలో ఉండగానే, కీటింగ్ న్యూయార్క్‌లో మరణించారు. డెబ్బై అయిదో పుట్టినరోజుకు రెండు వారాలు లేవు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. 1971 మార్చి 29 టెలిగ్రాం మీది రహస్య ముద్ర తొలగి, జనం చదవడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.