గోడకెక్కిన ఛాయాచిత్రము

వైరా నుండి సత్తుపల్లి పోవు బాటపై తల్లాడ యున్నది. అక్కడినుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలపు అడవులకు దారి. అట్టి ఊరి ఉన్నత పాఠశాలలో గిరిజన జీవితమును గూర్చి ఛాయాచిత్ర ప్రదర్శనము నేర్పాటు చేయదలచిన ఉపాధ్యాయునకు మొదట ఎదురగు ప్రశ్న: చిత్రము ఎంత పెద్దదిగా నుండవలెను? ఇది అచ్చు వేయువాని ప్రశ్నవలె తోచును. కాని దీని వెనుక కాంతిశాస్త్రమును, చరిత్రయును గలవు.

తొలి దినములలో ఈ ప్రశ్నకు తావే లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియను పద్ధతిలో ప్రతిబింబమును గాజు పలకపై పట్టెడివారు. దానిని గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమునకు ఆనించి ఎండలో నుంచెడివారు. పలక యెంతయో చిత్రమంత! సికిందరాబాదులో చిత్రశాల నడపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పెద్ద గాజు పలకలను వాడినది ఇందుకే. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన చిత్రములు 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనమునకు వెళ్లినవి.

ఒక రైలుబండి నంతటిని ఒకే పలకపై చూపుటకు షికాగో వాసి జార్జి లారెన్సు 1900లో ఒక కెమెరా కట్టించెను. పలక పొడవు 8 అడుగులు, వెడల్పు 4½ అడుగులు. పలకపెట్టెతో కలిపి దాని బరువు 1,400 పౌనులు!

ఈ బరువును దింపినది బ్రోమైడు కాగితము. 1880ల నుండి వ్యాపించిన ఈ కాగితము కొద్ది వెలుతురుకే మార్పు చెందును. కావున దీపకాంతితో చిన్న నెగటివును పెద్దదిగా చేయుట సులభమయ్యెను. పొడవు వెడల్పులు రెట్టింపైనచో కాంతి నాలుగింతల వైశాల్యముపై పరచుకొనును. సుమారు నాలుగింతల సేపు కాగితముపై పడనీయవలెను. 1955లో న్యూయార్కులో ఎడ్వర్డు స్టైకెన్ 68 దేశముల నుండి 503 చిత్రములను కూర్చి ప్రదర్శించినపుడు, కొన్నిటిని గోడంత చేసెను, కొన్నిటిని చిన్నవిగానే ఉంచెను. పరిమాణమే ఒక భాష యయ్యెను.

నేడు ముద్రణ యంత్రము చిత్రమును సిరా చుక్కలుగా వేయుచున్నది. మన కన్ను ఒక మీటరు దూరమున సుమారు 0.3 మిల్లీమీటరు ఎడము గల రెండు బిందువులను వేరుగా గుర్తింపగలదు. రెండు మీటర్ల దూరమున ఆ ఎడము 0.6 మిల్లీమీటరు. అనగా 90 సెంటీమీటర్ల వెడల్పు గల చిత్రమును రెండు మీటర్ల నుండి చూచువానికి అడ్డముగా 1,500 బిందువులు చాలును. అర మీటరు దగ్గరకు వచ్చినచో 6,000 కావలెను. కాబట్టి ముందుగా కొలువవలసినది గోడను కాదు, చూపరి నిలుచు చోటును.

ఇక పరికరములు. ఫ్లెక్సు చవుక, కాని మెరయును, మడతలు పడును. మెరుపు లేని ఫోటో కాగితమును సన్‌బోర్డుపై అంటించుట తరగతి గదికి మేలు. కిటికీకి ఎదురుగా అద్దపు పటమును తగిలింపరాదు: పతన కోణము పరావర్తన కోణమునకు సమానము గనుక, చిత్రమునకు బదులు కిటికీయే కనబడును. చిత్రపు నడిమి భాగము విద్యార్థుల కంటి ఎత్తున నుండవలెను. వానకాలమున గోడకును పటమునకును నడుమ గాలి యాడు సందు విడువవలెను.

ఇంతకన్న పెద్ద విషయ మొకటి గలదు. 1940ల ఆరంభములో ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ గోదావరి కొండలలోని కొండరెడ్ల నడుమ నివసించి పరిశోధన జరిపెను. ఆ గ్రంథము 1945లో వెలువడెను. ఆయన ఛాయాచిత్రములు లండనులోని ప్రాచ్య ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రపరుపబడి యున్నవి. అట్టి చిత్రమును అనుమతితో తెచ్చి ఇచట పెద్దదిగా వేసినపుడు, దాని యెదుట నిలుచు బాలుడు ఆ వంశమువాడే కావచ్చును. నెగటివులో లేని వివరమును ఏ పెంపకమును సృష్టింపలేదు. మసకబారిన ముఖమునకు కృత్రిమ మేధ యంత్రములు కన్నులను, పెదవులను దిద్దిపెట్టును. కాని అవి యంత్రపు ఊహలే, ఆ మనిషివి కావు. అందమునకై అట్లు దిద్దిన చిత్రమును చరిత్ర యని చూపుట తగదు. మసకగా నున్నచో చిన్నదిగా వేయుదము. క్రింద ఊరు, సంవత్సరము, తీసినవారి పేరు వ్రాయుదము. చిన్నదైనను నిజమైన ముఖమే తన వారిని తాను గుర్తింపజేయును.