గోడలు పగలగొట్టిన నది

హైదరాబాదులో 2000 ఆగస్టులో వరదొచ్చినా, 2020 అక్టోబర్లో వచ్చినా మనం అడిగేది ఒక్కటే: నాలాకి గోడలు కట్టండి. ఆ గోడలు ఎప్పుడో కట్టేసుకున్న ఒక ఊరు, మళ్లీ డబ్బు పెట్టి వాటిని ఎందుకు పీకించిందో చూద్దాం.

సింగపూరులో కల్లాంగ్ నది కథ ఇది. (నది అనగానే గోదావరి అనుకునేరు, పొడవు 10 కిలోమీటర్లే!) వరదల భయంతో 1960, 70లలో అక్కడి వాగుల్ని తిన్నగా చేసి కాంక్రీటు పోసేశారు. నున్నటి కాంక్రీటు మీద నీళ్లు జర్రున పోతాయి, నిజమే. కానీ అన్నీ ఒకేసారి పోయి దిగువనున్న వాళ్ల మీద పడతాయి. బగ్గుని ఫిక్స్ చెయ్యకుండా పక్క టీముకి అసైన్ చెయ్యడమన్నమాట :)

2006లో వాళ్ల నీటి సంస్థ పీయూబీ 'ఏబీసీ వాటర్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో భాగంగా బిషాన్ పార్కు పక్కనున్న 2.7 కి.మీ. కాంక్రీటు కాలవని పార్కులో కలిపేసి, మెలికలు తిరిగే 3 కి.మీ. నదిగా మార్చారు. 2012లో తెరిచారు. తర్వాత అక్కడికి నీటికుక్కలు కూడా వచ్చి చేరాయి.

మరి గట్టు కోసుకుపోదా? నాకు బాగా నచ్చింది ఇక్కడే. 2009లో ముందుగా ఓ 60 మీటర్ల కాలవలో పది పద్ధతులు పరీక్షించి చూశారు. పచ్చికొమ్మల్ని మోపులు కట్టి గట్టువారన పాతడం, రాళ్ల సందుల్లో కొమ్మలు గుచ్చడం, మట్టిని జియోటెక్స్‌టైల్ బట్టలో చుట్టి పొరలుగా పేర్చి మొక్కలు నాటడం ఇలాగ. వేళ్లు దిగేకొద్దీ గట్టు బిగుస్తుంది. మనం ఎండాకాలం తడికలకి వాడే వట్టివేరు లేదూ, నేలకోత ఆపడానికి చాలా దేశాల్లో దాన్నే నాటుతున్నారు.

ఐతే మొక్కలు నాటినంత మాత్రాన వరద ఆగిపోదండీ. మొక్కలున్న గట్టు గరుకు కాబట్టి నీళ్లు నెమ్మదిస్తాయి, అంచేత వెడల్పు ఎక్కువ కావాలి. 17-24 మీటర్ల కాలవ ఉన్నచోట, పెద్దవానకి దాదాపు 100 మీటర్లు పరుచుకునేలా పార్కునే వదిలేశారు.

మన నాలాల పక్కన అంత జాగా ఎక్కడుందంటారా? ఇళ్లు ఆనుకుని ఉన్నచోట గోడ తప్పదు, ఒప్పుకుంటాను. కానీ చెరువు అలుగు కింద, పార్కుల పక్కన ఖాళీ మిగిలినచోట కూడా గోడలు లేపడమే నాకు మింగుడుపడదు. గోడ లేచిందంటే దాని అవతల ప్లాట్లు లేస్తాయి. ఆ తర్వాత నాలా వెడల్పు చేద్దామన్నా కూల్చాల్సింది గోడ ఒక్కటే కాదు.