చీటీ చింపే ముందు ఒక ప్రశ్న

శనివారం సాయంత్రం, నేపర్‌విల్. రూట్ 59 పక్కన రెస్టారెంటు హాల్లోకి మీరు అడుగు పెట్టేసరికి పకోడీల వాసన, పిల్లల పరుగులు. స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్న మన తెలుగావిడ తలుపు దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళను పలకరిస్తోంది. ఏప్రిల్లో ఎన్నిక. కరపత్రాలకూ, ఇళ్ళ ముందు పాతే బోర్డులకూ డబ్బు కావాలి. అందుకే గోడవారగా ఒక బల్ల వేశారు. దాని మీద రాఫిల్ టికెట్లు, గాజు జాడీ, డబ్బుల పెట్టె, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు.

వంగి ఆ లైసెన్సు చదవండి. ఇల్లినాయ్ రాష్ట్ర ఎన్నికల బోర్డు ఇచ్చినది. ఇక్కడ రాజకీయ కమిటీ రాఫిల్ పెట్టాలంటే ముందుగా ఆ బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. టికెట్లు ఏ ప్రాంతంలో అమ్మాలో, డ్రా ఎక్కడ తీయాలో అందులో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటకూడదు. కాలిఫోర్నియాలో అయితే ఈ బల్లే ఉండేది కాదు. అక్కడ రాఫిల్ అర్హత గల లాభాపేక్ష లేని సంస్థలకే, అదీ వసూలైనదాంట్లో 90 శాతం సేవా పనులకు వెళ్ళాలి.

బల్ల వెనక ట్రెజరర్. మీ ముందున్న కుర్రాడు 20 డాలర్ల నోటు చాపాడు. ఆవిడ నోటు ముట్టుకోలేదు.

“తమ్ముడూ, సిటిజన్‌వా, గ్రీన్ కార్డా?”

“హెచ్1బి అక్కా.”

“అయితే నీ దగ్గర తీసుకోకూడదు.”

కుర్రాడి ముఖం చిన్నబోయింది. “ఇరవై డాలర్లే కదా! గుళ్ళో రాఫిల్‌కి కొన్నాను, అక్కడెవరూ అడగలేదు.”

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని ఓపిగ్గా చెబుతోంది, మీరూ వినండి. గుడికిచ్చింది గుడి పనులకు. ఇక్కడ టికెట్‌కి ఇచ్చిన 20 డాలర్లూ ఎన్నికల చందా. పౌరుడు కానివాడు, గ్రీన్ కార్డు లేనివాడు అమెరికాలో ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. అధ్యక్ష పదవైనా, స్కూల్ బోర్డైనా అదే నియమం. ఎంత చిన్న మొత్తానికైనా మినహాయింపు లేదు. తెలిసి పుచ్చుకున్నవాళ్ళదీ తప్పే.

“పోనీ, మా పాప పేరు రాయండి. ఇక్కడే పుట్టింది.”

“డబ్బు నీది, పేరు పాపదా? అది ఇంకో తప్పు తమ్ముడూ.”

పోనీ, రాఫిల్‌కి బహుమతిగా మిక్సీ కొనిస్తానన్నాడు కుర్రాడు. వస్తువు ఇచ్చినా చందాయే. చివరికి ఆవిడే దారి చూపింది. జీతం లేకుండా శ్రమ చేయడానికి ఎవరికీ అడ్డు లేదు. ప్రచారాన్ని ఎలా నడపాలో నిర్ణయించే చోట మాత్రం అతను కూర్చోకూడదు. కుర్రాడు చొక్కా చేతులు మడిచి కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. అలా మొహమాటపడకుండా అడిగినందుకు ఆవిడకు దండం పెట్టాలనిపిస్తుంది. వీసా మీద బతికే మనిషికి చెయ్యగలిగిన మేలు అదే.

ఇప్పుడు మీ వంతు. మీరు పౌరులు, ఎనిమిది టికెట్లు అడిగారు. 160 డాలర్లు. ఆవిడ మీ పేరు, చిరునామా రాసుకుంటోంది. మూడు నెలల లెక్కలో ఒకరిచ్చింది 150 డాలర్లు దాటితే, ఆ పేరు ఎన్నికల బోర్డుకిచ్చే నివేదికలోకి ఎక్కుతుంది. అది ఎవరైనా చదవవచ్చు. పేరు లేకుండా జాడీలో నోటు వేసి పోతే, ఆ సొమ్ము కమిటీది కాదు, రాష్ట్ర ఖజానాది. పన్ను మినహాయింపు రసీదు అడగకండి, రాజకీయ చందాకు అది లేదు.

ఎనిమిదిన్నరకు డ్రా. తల్లి పక్కనే నిలబడి ఒక పాప చూస్తుండగా ట్రెజరర్ జాడీలో చెయ్యి పెట్టి చీటీ తీసింది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయనకు బహుమతిగా ప్రెషర్ కుక్కర్ దక్కింది. చప్పట్లు కొట్టి జనం భోజనాలకు కదిలారు. ట్రెజరర్ కదల్లేదు. వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత అని విడిగా రాస్తోంది. ఆ కాగితాలను మూడేళ్ళు దాచి ఉంచాలి.

మన వాళ్ళు స్కూల్ బోర్డులకూ సిటీ కౌన్సిళ్ళకూ నిలబడటం మంచిదే, ఇంకా ఎక్కువమంది నిలబడాలి. అందుకే ఈ మాట. మీ ఊళ్ళో ఇలాంటి బల్ల వేసేవాళ్ళు ముందు మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. డబ్బు అందుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. హెచ్1బి, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళూ, అడిగేదాకా ఆగకండి. మీరే చెప్పి, నోటు జేబులో పెట్టుకోండి.