మిరప గింజకూ జాతకం కావాలట!

మానుకోటలో ఉండే మా చిన్నమ్మ, అదే మీరు మహబూబాబాద్ అంటారే, ఆ ఊళ్లో, కిందటేడు అమెరికా వెళ్లే మనవరాలి పెట్టెలో ఒక గుప్పెడు చపాట మిరప గింజలు మూటగట్టి పెట్టింది. పెరట్లో వేసుకుంటే ఏడాదంతా పచ్చడికి రంగు కొరత ఉండదని ఆవిడ ఆశ. తీరా అక్కడ దిగగానే అధికారి ఆ మూట విప్పి, "సర్టిఫికెట్టు ఏదీ?" అని అడిగి పక్కన పెట్టేశాడట.

"గింజకు కాగితమేంది బిడ్డా? అదేమన్న పెళ్లిపిల్లనా, జాతకం చూసెతందుకు?" అని చిన్నమ్మ నాకు ఫోను చేసి ఒకటే బాధపడింది.

నవ్వొచ్చింది గానీ, ఆ కాగితానికి పెద్ద చరిత్రే ఉందండీ.

అసలు మిరప మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. అప్పటిదాకా మన కూరలకు కారం మిరియాలే. ఆనాడు దాన్ని ఎవరూ కాగితం అడగలేదు. కానీ మొక్కలు ఓడలెక్కినప్పుడు వాటి వెంట పురుగులూ ఎక్కుతాయి గదా! 1860ల తర్వాత అమెరికా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్లు పీల్చి నాశనం చేసింది. ఆ దెబ్బతో యూరపు దేశాలు 1878లో బెర్న్ నగరంలో కూర్చుని, మొక్కల రాకపోకలకు కట్టుబాట్లు రాసుకున్నాయి.

మన దగ్గరా అంతే. మెక్సికో పత్తి పురుగు వస్తుందన్న భయంతో 1906లో బొంబాయి రేవులో అమెరికా పత్తి బేళ్లకు పొగ పెట్టమన్నారు. 1914లో చట్టమే వచ్చింది. 1951లో రోమ్ ఒప్పందంతో దేశాలన్నిటికీ ఒకే తీరు సర్టిఫికెట్టు ఏర్పడింది. దాని పేరు ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు. పలకడానికి నోరు తిరక్కపోతే, మొక్కల ఆరోగ్యపత్రం అనుకుందాం.

ఎగుమతి చేసేవారు దరఖాస్తు పెడితే, ప్రభుత్వ అధికారి సరుకులో నమూనా తీసి పురుగు, తెగులు ఉన్నాయేమో చూస్తాడు. అవసరమైతే పొగ పెట్టిస్తారు. సరుకు పేరు, శాస్త్రనామం, బరువు, వెళ్లే దేశం రాసి సంతకం చేస్తారు. ఇది ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి ఇచ్చే మాట. తినడానికి మంచిదా కాదా అన్నది వేరే పరీక్ష. కారంలో సూడాన్ రంగు కలిసిందని 2003లో యూరపులో గోల లేచాక, ఎగుమతి మిర్చికి ఆ పరీక్షలూ గట్టిపడ్డాయి.

ఇదంతా ఎక్కడివాళ్లకో సంబంధించిన సంగతి అనుకోకండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు చాలావరకు 2016 దాకా ఒకే వరంగల్ జిల్లా. ఇక్కడి మిర్చి ఎనుమాముల మార్కెట్టుకు చేరి, అక్కడినుంచి ఎక్కడెక్కడికో పోతుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే చపాటను బుడ్డగా ఉంటుందని టమాట మిర్చి అని కూడా అంటారు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే దానికి ఊరి పేరు వచ్చింది, ఇక పరాయి దేశాల్లో పరువు కూడా నిలుపుకోవాలి.

చిన్నమ్మకు ఇదంతా చెప్పాను. ఊకొడుతూ విని, కాసేపు మాట్లాడలేదు.

"మరి మన నల్ల తామర పురుగు?" అంది చివరికి.

నాకు గుండె కలుక్కుమంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగును 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. 2021-22 పంటలో అది మన మిరప తోటల మీద పడింది. పూతలో దూరి పూతంతా రాల్చింది. అప్పు తెచ్చి వేసిన తోటలను ఎందరో రైతులు కళ్లనీళ్లతో పీకేసుకున్నారు. మా చిన్నమ్మ రెండెకరాలూ అందులోనే పోయాయి.

"అది వచ్చిన నాడు కూడా ఎవరన్న ఆపి కాగితం అడిగితే బాగుండు గద బిడ్డా!" అంది. ఆ తర్వాత గింజల మూట ఊసు మళ్లీ ఎత్తలేదు.