పెట్టెపై రాసిన ఆయుష్షు తీరకముందే వస్తువు పాడైతే: సొమ్ము వాపసుకు ఉన్న మార్గాలు

ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టెపై సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి పెద్ద అక్షరాల్లో ఉండే జీవితకాలం: 25,000 గంటలు. రెండోది చిన్న అక్షరాల్లో ఉండే వారంటీ: ఒక సంవత్సరం లేదా రెండు సంవత్సరాలు. రోజుకు ఆరు గంటల చొప్పున వెలిగిస్తే 25,000 గంటలు పూర్తికావడానికి పదకొండేళ్లకు పైగా పడుతుంది. అదే బల్బు మూడో ఏట ఆరిపోతే వారంటీ ముగిసిందని దుకాణదారు చేతులెత్తేస్తారు. కొనుగోలుదారు మరో బల్బు కొనుక్కుని ఇంటిదారి పడతారు. మిక్సీ, గీజరు, నీటిశుద్ధి యంత్రం, సీలింగ్ ఫ్యాను విషయంలోనూ తరచుగా జరిగేది ఇదే.

అయితే వారంటీ గడువుతో వినియోగదారుడి హక్కులన్నీ ముగిసిపోవు. వస్తువు ఎంతకాలం మన్నుతుందని అమ్మేటప్పుడు చెప్పారో, ఆ మాటకు కూడా ఉత్పత్తిదారును జవాబుదారీ చేసే నిబంధనలు వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉన్నాయి. ఈ చట్టంలోని ప్రధాన నిబంధనలు 2020 జులై 20న అమల్లోకి వచ్చాయి. వాటిని ఉపయోగించుకోవాలంటే బిల్లు, పెట్టె, రాతపూర్వక ఫిర్యాదు చేతిలో ఉండాలి.

రెండు హామీలు, రెండు దారులు

వారంటీ అనేది ఒప్పందం. నిర్ణీత గడువులో వస్తువు చెడిపోతే బాగుచేసి ఇస్తామని, లేదా మార్చి ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటుంది. ఈ గడువులో వినియోగదారుడి పని సులువు. కొన్న తేదీని, వస్తువు పనిచేయడం లేదన్న విషయాన్ని చూపిస్తే చాలు.

జీవితకాలంపై చేసే ప్రచారం దీనికి భిన్నమైనది. అదీ చట్టం పరిధిలోనిదే. చట్టంలోని సెక్షన్ 2లో ‘లోపం’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. చట్టం లేదా ఒప్పందం ప్రకారం ఉండవలసిన నాణ్యత, ప్రమాణం లేకపోవడం లోపమే. విక్రేత ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోవడమూ లోపమే. పెట్టెపై ముద్రించిన మాటకు, టీవీ ప్రకటనలో వినిపించిన మాటకు, ఆన్‌లైన్ దుకాణంలోని వివరణకు ఈ నిర్వచనం వర్తిస్తుంది.

అదే సెక్షన్‌లో ‘అనుచిత వ్యాపార పద్ధతి’ జాబితా కూడా ఉంది. తగిన పరీక్ష ఆధారం లేకుండా వస్తువు పనితీరుపై, సామర్థ్యంపై లేదా మన్నికపై ప్రజలకు హామీ ఇవ్వడం ఈ జాబితాలోకి వస్తుంది. పరీక్షలు జరిపే హామీ ఇచ్చామని కంపెనీ వాదిస్తే, ఆ సంగతి నిరూపించవలసిన భారం కంపెనీదే. ప్రయోగశాలలు, నిపుణులు కంపెనీకి అందుబాటులో ఉంటారు, కొనుగోలుదారుకు ఉండరు. ఆ అసమానతను ఈ నిబంధన కొంతవరకు సరిచేస్తుంది.

బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. లోపభూయిష్టమైన వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడమూ అలాంటిదే. అందువల్ల ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని దుకాణంలో బోర్డు వేలాడదీసినంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో విక్రేత బాధ్యత తొలగిపోదు.

25,000 గంటలు ఎలా వస్తాయి?

బల్బును ఆర్పకుండా వెలిగించినా 25,000 గంటలు గడవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. కొత్త నమూనాను మార్కెట్లోకి తెచ్చేముందు అంతకాలం వేచి ఉండటం సాధ్యం కాదు. అందుకే పరిశ్రమలో ఎల్ఎం-80 అనే పరీక్షా విధానాన్ని అనుసరిస్తారు. ఇందులో కాంతినిచ్చే చిప్‌లను సాధారణంగా 6,000 గంటలు లేదా అంతకుమించి వెలిగించి, కాంతి ఎంత తగ్గుతున్నదో నమోదు చేస్తారు. ఆ ఫలితాల నుంచి మిగిలిన కాలాన్ని గణితపరంగా అంచనా వేస్తారు. ఈ అంచనా పరీక్షించిన కాలానికి ఆరు రెట్లు మించకూడదన్నది అంగీకృత పద్ధతి. కాంతి మొదటి స్థాయిలో 70 శాతానికి పడిపోయే సమయాన్ని జీవితకాలం ముగింపుగా లెక్కిస్తారు.

ఇళ్లలో బల్బులు పోయే తీరు ఇందుకు భిన్నంగా ఉంటుంది. కాంతి మెల్లగా తగ్గిపోవడం కన్నా బల్బు ఒక్కసారిగా ఆరిపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. దానికి ప్రధాన కారణం చిప్ కాదు, విద్యుత్తును చిప్‌కు తగినట్టు మార్చే డ్రైవర్ సర్క్యూట్. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు వేడి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందన్నది ఇంజినీర్లు వాడే స్థూల సూత్రం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో, గాలి ఆడని గాజు గోళంలో బిగించిన బల్బు పరిస్థితిని దీన్నిబట్టి ఊహించవచ్చు.

కంపెనీ పరీక్షా నివేదిక చూపినప్పుడు వినియోగదారుడు అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. పరీక్ష చిప్‌పై జరిగిందా, డ్రైవర్‌తో కలిపి పూర్తి బల్బుపై జరిగిందా? చిప్‌పై మాత్రమే జరిపి, బల్బు మొత్తానికి 25,000 గంటలు అని ముద్రిస్తే అది ‘తగిన పరీక్ష’ అవుతుందా అని ప్రశ్నించే అవకాశం వినియోగదారుడికి ఉంటుంది.

కంపెనీకీ వాదనలు ఉంటాయి. ప్రకటించే జీవితకాలం తరచుగా చాలా బల్బులకు కలిపి వేసిన లెక్క. దాన్నిబట్టి ప్రతి బల్బూ అన్ని గంటలు వెలగాలన్న నియమం ఉండదు. ఒక్క బల్బు పోవడం కన్నా, ఒకేసారి కొన్న ఆరింటిలో నాలుగు పోవడం బలమైన సాక్ష్యం. మూసి ఉన్న గోళంలో వాడవద్దని, డిమ్మర్‌కు కలపవద్దని పెట్టెపై హెచ్చరించి ఉంటే, వాటిని పాటించని వారి ఫిర్యాదు బలహీనపడుతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులను కూడా కంపెనీలు కారణంగా చూపుతాయి.

పెట్టెపై చూడవలసినవి

ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బులు బీఐఎస్‌గా పిలిచే భారతీయ ప్రమాణాల సంస్థ తప్పనిసరి నమోదు పథకం కిందికి వస్తాయి. భద్రతా ప్రమాణం ఐఎస్ 16102, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య బల్బుపై లేదా పెట్టెపై ఉండాలి. ఆ సంఖ్య అసలైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఏ గుర్తూ లేని బల్బు పాడైతే కంపెనీ ఆచూకీ దొరకదు. అప్పుడు ఫిర్యాదు చేయడానికి మిగిలేది అమ్మిన దుకాణదారు ఒక్కరే.

పెద్ద వస్తువుల్లో ‘10 సంవత్సరాల వారంటీ’ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. రిఫ్రిజిరేటర్లలో ఇది తరచుగా కంప్రెసర్‌కే పరిమితం. మిగిలిన భాగాలకు, గ్యాస్‌కు, మరమ్మతు కూలికి వర్తించకపోవచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు ఈ చిన్న అక్షరాల గురించి స్పష్టంగా చెప్పాయి. ప్రకటనలోని వివరణ, ప్రధాన వాదన ఏ భాషలో ఉందో అదే భాషలో, అదే అక్షరశైలిలో ఉండాలి. ప్రధాన వాదనను అది దెబ్బతీయకూడదు, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదు. తెలుగులో హామీ ఇచ్చి, షరతులను ఆంగ్లంలో అడుగున ముద్రించడం ఈ మార్గదర్శకాలకు విరుద్ధం.

భద్రపరచవలసిన ఆధారాలు

మొదటిది బిల్లు. జీఎస్టీ నిబంధనల ప్రకారం 200 రూపాయల లోపు విలువైన సరుకుకు, సాధారణ కొనుగోలుదారు అడగకపోతే, విక్రేత విడిగా పన్ను ఇన్వాయిస్ ఇవ్వనవసరం లేదు. చాలా బల్బుల ధర ఈ పరిధిలోనే ఉంటుంది కనుక బిల్లును అడిగి తీసుకోవడం అవసరం. థర్మల్ కాగితంపై ముద్రించిన బిల్లు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి ఫొటో తీసి ఉంచుకోవాలి. బిల్లు పోయినా యూపీఐ చెల్లింపు వివరాలు, ఆన్‌లైన్ ఆర్డరు చరిత్ర కొనుగోలుకు ఆధారంగా ఉపకరిస్తాయి.

రెండోది పెట్టె. జీవితకాలపు వాదన, తయారీ నెల, బ్యాచ్ సంఖ్య, కంపెనీ చిరునామా అన్నీ దానిపైనే ఉంటాయి. పెట్టెను దాచడం కష్టమైతే అన్ని వైపులా ఫొటోలు తీయాలి. బల్బు హోల్డర్ దగ్గర కొన్న తేదీని చెరగని సిరాతో రాసుకోవడం తేలికైన పద్ధతి. పాడైన వస్తువును పారవేయకూడదు. ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అదే ప్రధాన సాక్ష్యం.

ఫిర్యాదు మెట్లు

ముందుగా విక్రేతకు, ఆ తర్వాత కంపెనీ వినియోగదారుల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫోనులో చెప్పిన మాటకు ఆధారం మిగలదు, ఈమెయిల్‌కు మిగులుతుంది. కొన్న తేదీ, పాడైన తేదీ, రోజువారీ వాడకం, పెట్టెపై ఉన్న వాదన, కోరుతున్న పరిష్కారం క్లుప్తంగా రాసి, జవాబుకు 15 రోజుల గడువు ఇవ్వవచ్చు. ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసుకోవాలి.

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగు సహా 17 భాషల్లో ఈ సేవ ఉచితంగా అందుతుంది. హెల్ప్‌లైన్ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. చాలా పెద్ద కంపెనీలు దీనితో నేరుగా అనుసంధానమై ఉన్నాయి. అయితే హెల్ప్‌లైన్‌కు ఆదేశాలు జారీ చేసే అధికారం లేదు. ఇది వ్యాజ్యానికి ముందు దశ మాత్రమే.

తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు దీని పరిధిలోకి వస్తాయి. ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ‘ఈ-జాగృతి’ వేదిక ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది.

గడువు విషయంలో అప్రమత్తత అవసరం. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ అది దాని విచక్షణ.

కమిషన్ ముందు జరిగేది

ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది సాధారణంగా 21 రోజుల్లో తేలాలి. నోటీసు అందుకున్న కంపెనీకి జవాబుకు 30 రోజులు, అవసరమైతే మరో 15 రోజులు లభిస్తాయి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ వస్తువు నమూనాను సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష రుసుమును ముందుగా ఫిర్యాదుదారు జమ చేయవలసి రావచ్చు. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసులను నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలల్లో, అవసరమైన వాటిని ఐదు నెలల్లో పరిష్కరించే ప్రయత్నం చేయాలని చట్టం నిర్దేశిస్తోంది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ కాలం పట్టడం సాధారణమే.

లోపం రుజువైతే దాన్ని సరిచేయాలని, కొత్త వస్తువు ఇవ్వాలని, లేదా ధరను వడ్డీతో తిరిగి చెల్లించాలని కమిషన్ ఆదేశించవచ్చు. పరిహారం, ఖర్చులు కూడా ఇప్పించవచ్చు. వారంటీ దాటిన తర్వాత కొన్నేళ్లు వాడుకున్న వస్తువుకు పూర్తి ధర వస్తుందన్న హామీ లేదు. వాడుకున్న కాలాన్ని మినహాయించి మిగిలిన భాగాన్ని అడగడం సమంజసంగా కనిపిస్తుంది. వస్తువు పేలి గాయమైనా, ఇంట్లోని ఇతర ఆస్తి కాలిపోయినా అది వేరే విషయం. అందుకు ఉత్పత్తి బాధ్యత గురించిన ప్రత్యేక అధ్యాయం చట్టంలో ఉంది.

చిన్న మొత్తం, పెద్ద సంఖ్య

వంద రూపాయల బల్బు కోసం కమిషన్ మెట్లెక్కేవారు అరుదు. అలాంటి చిన్న నష్టాలు లెక్కలోకి రాకుండా పోవడానికి కారణం అదే. ఒక్క ఉజాలా పథకం కిందనే 2015 నుంచి దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయంటే, ఒక్కో ఇంటి నష్టం స్వల్పమైనా మొత్తం ఎంత కాగలదో అర్థమవుతుంది.

ఎందరికో ఒకే రకమైన నష్టం జరిగినప్పుడు రెండు మార్గాలున్నాయి. ఒకే ప్రయోజనం ఉన్న పలువురు వినియోగదారులు కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు చేయవచ్చు. లేదా జిల్లా కలెక్టరుకు గాని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గాని రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనను నిలిపివేయించి, తయారీదారుకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం ఈ సంస్థకు ఉంది. సొమ్ము వాపసు కోసం మాత్రం కమిషన్‌నే ఆశ్రయించాలి.

ఏ దశలోనైనా అడిగే ప్రశ్నలు మూడే: ఎప్పుడు కొన్నారు, అమ్మేటప్పుడు ఏం చెప్పారు, ఎప్పుడు పాడైంది. ఈ మూడింటికీ కాగితంపై సమాధానం ఉన్న వినియోగదారుడి ఫిర్యాదును పక్కన పెట్టడం కంపెనీకి సులువు కాదు.